లేజర్ మెషిన్ మూత మారుద్దామనుకుంటున్నారా? ముందు ఏ లేజరో చూసుకోండి!

వీడియో కాల్‌లో నాకు ముందు కనిపించింది మా తమ్ముడి మొహం కాదు, వాడి వెనకాల గోడ మీద ఆడుతున్న నీలం మచ్చ.

తమ్ముడంటే మా పిన్ని కొడుకు. తెనాలిలో ఇంటి ముందుగదిలోనే చిన్న షాపు పెట్టుకున్నాడు. నేమ్ ప్లేట్లు, కీచైన్లు, పెళ్లిళ్లకి రిటర్న్ గిఫ్టులు, బారసాలకి పాప పేరు కోసిన చెక్క బోర్డులు... లేజర్‌తో కోయగలిగింది ఏదైనా చేసిస్తాడు. వినాయక చవితి వారంలోకి వచ్చేసింది. ఎండీఎఫ్ చెక్కతో చిన్న చిన్న గణపతులు కోస్తూ ఊపిరాడనంత పనిలో ఉన్నాడు. ఆ హడావిడిలోనే ఫోన్ చేసి, "అన్నా, చూడు! ఇప్పుడు లోపల ఎంత క్లియర్‌గా కనిపిస్తోందో. రీల్‌కి అదిరిపోద్ది" అంటూ కెమెరా మెషిన్ వైపు తిప్పాడు.

కొత్తగా కొన్న 10 వాట్ల డయోడ్ లేజర్ అది. దానికి కంపెనీ ఇచ్చిన నారింజ రంగు మూత ఉండాలి. లేదు. దాని స్థానంలో తళతళా మెరిసే తెల్లటి అక్రిలిక్ షీటు. లోపల నీలం చుక్క పరుగులు తీస్తుంటే, ఆ వెలుగు షీటులోంచి హాయిగా బయటికొచ్చి గోడ మీద, ఫ్యాన్ రెక్కల మీద, వాడి చెంప మీద పడుతోంది.

"ముందు స్విచ్ ఆపరా" అన్నాను.

ఆపాడు. "ఏమైందన్నా?"

"ఆ షీటు పెట్టమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"నువ్వేగా!"

నిజమే. నేనే చెప్పాను. కాకపోతే వేరే మెషిన్‌కి.

చీకటి డబ్బా కథ

అసలు సంగతి జూన్‌లో మొదలైంది. వాడి దగ్గర అంతకు ముందే పాత సీఓటూ లేజర్ మెషిన్ ఒకటి ఉంది. నీలం, తెలుపు రంగుల రేకు డబ్బా. ప్రపంచమంతా హాబీ జనాలు కె40 అని పిలుచుకునే రకం. 40 వాట్లని చెప్పి అమ్ముతారు కాబట్టి ఆ పేరు. చవకైన చైనా మెషిన్లలో ఇది పాత కాపు. పని బాగానే చేస్తుంది గానీ ఒక్కటే గోల, లోపల ఏం జరుగుతోందో సరిగ్గా కనపడదు. పెద్ద రేకు మూత, దాని మధ్యలో చిన్న రంగు కిటికీ, లోపల బల్బు లేదు. టార్చి పట్టుకుని తొంగి చూడాల్సిందే.

"కనపడకపోతే ఏమైంది, ఎలాగూ కంప్యూటర్ చెప్పినట్టే కోస్తుందిగా" అని మీకు అనిపించొచ్చు. అక్కడే పొరబడతాం. లేజర్ మెషిన్ దగ్గర మనిషి నిలబడి చూడాల్సిన అసలు కారణం నిప్పు. చెక్క, కార్డుబోర్డు, అక్రిలిక్ అన్నీ కాలేవే. కోత దగ్గర అగ్గిపుల్ల అంత మంట లేచి దానంతటదే ఆరిపోవడం మామూలే. ఆరకుండా నిలబడితే మాత్రం నిమిషాల్లో మెషిన్ మొత్తం అంటుకుంటుంది. అక్రిలిక్ మంట అయితే మరీ మొండిది, కరిగి కారుతూ మండుతుంది. ఆ చిన్న మంటని మొదటి పది సెకన్లలో చూస్తేనే లాభం. చీకటి కిటికీ వెనక అది కనపడదు. పొగ వాసన వచ్చేసరికి ఆలస్యం అయిపోతుంది.

కాబట్టి లోపల బాగా కనపడాలి అనుకోవడంలో తప్పేం లేదు. వాడి కోరిక న్యాయమైనదే. ఒక ఆదివారం వెళ్లి ఇద్దరం కలిసి ఆ సీఓటూ మెషిన్‌కి మార్పులు చేశాం. అప్పుడు నేను వాడితో అన్న మాట ఇది: "రంగు అక్కర్లేదురా, క్లియర్ అక్రిలిక్ పెట్టేసుకో. ఈ బీమ్ దాన్ని దాటి రాదు."

ఆ మాటలో "ఈ బీమ్" అన్న రెండు ముక్కలే ముఖ్యం. వాడికి "క్లియర్ అక్రిలిక్ పెట్టేసుకో" మాత్రమే గుర్తుంది. నేనైనా రెండోసారి నొక్కి చెప్పలేదు.

గాజులా కనిపించేది గోడ కావచ్చు

లేజర్ అంటే అన్నీ ఒకటే అనుకుంటాం. కానీ వెలుగు పొడవుని బట్టి, అంటే వేవ్‌లెంగ్త్‌ని బట్టి, ఒక్కో లేజర్ ఒక్కో జాతి. సీఓటూ లేజర్ వెలుగు పొడవు 10,600 నానోమీటర్లు. మన కంటికి కనిపించే వెలుగు సుమారు 400 నుంచి 700 మధ్యలో ఉంటుంది. అంటే సీఓటూ బీమ్ మనకి అస్సలు కనపడదు. కోత దగ్గర కనిపించే తెల్లటి మెరుపు లేజర్ కాదు, కాలుతున్న చెక్క వెలుగు.

ఇలాంటి పొడవాటి వెలుగుకి మామూలు గాజు, అక్రిలిక్, పాలీకార్బొనేట్ అన్నీ ఇటుక గోడల్లాంటివే. మన కంటికి పారదర్శకం, దానికి మాత్రం నల్లటి అడ్డం. మొత్తం పీల్చేసుకుంటాయి. అందుకే సీఓటూ పనికి అమ్మే సేఫ్టీ కళ్లజోళ్లు రంగు లేకుండా తెల్లగా ఉంటాయి. చూస్తే నకిలీ సరుకేమో అనిపిస్తుంది గానీ కాదు.

చిన్న పక్కదారి: ఈ సీఓటూ లేజర్‌ని కనిపెట్టింది మనవాడే. సి. కుమార్ పటేల్ 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టారు, పుణె ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్నారు, తర్వాత అమెరికా వెళ్లి బెల్ ల్యాబ్స్‌లో పని చేస్తూ 1964లో దీన్ని తయారు చేశారు. తెనాలిలో గణపతి బొమ్మ కోసే గాజు గొట్టం వెనకాల ఆయన బుర్ర ఉందన్నమాట.

ఇక డయోడ్ లేజర్. ఇప్పుడు ఆన్‌లైన్‌లో యువత ఎక్కువగా కొంటున్నది ఇదే. చిన్నది, తేలిక, నీళ్ల పైపుల గొడవ లేదు. దీని వెలుగు పొడవు 450 నానోమీటర్లకి అటూ ఇటూ. ముదురు నీలం, మన కంటికి కనిపించేదే. కంటికి కనిపించే వెలుగుకి క్లియర్ అక్రిలిక్ అంటే తెరిచి పెట్టిన తలుపు. అది కిటికీ అద్దంలోంచి ఎండ వచ్చినట్టు దాదాపు మొత్తం బయటికి వచ్చేస్తుంది.

ఫోన్‌లో ఇదంతా చెప్తుంటే వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు: "అన్నా, నాకీ సంగతి తెలుసుగా! డయోడ్ మెషిన్ మీద క్లియర్ అక్రిలిక్ తెగదు. మొదటి వారంలోనే ట్రై చేశా. లేజర్ దాంట్లోంచి పోయి కింద బల్ల కాలింది."

సరిగ్గా అదే! లేజర్ షాపు నడిపే ప్రతి కుర్రాడికీ చేతుల్లో ఉన్న జ్ఞానం ఇది. సీఓటూతో క్లియర్ అక్రిలిక్ వెన్నలా తెగుతుంది, ఎందుకంటే ఆ బీమ్‌ని అది పీల్చుకుంటుంది. డయోడ్‌తో తెగదు, ఎందుకంటే పీల్చుకోదు. ఏ లేజర్ ఆ షీటుని కోయలేక దాటిపోతుందో, ఆ లేజర్‌కి ఆ షీటు మూతగా పనికిరాదు. కోత విషయంలో తెలిసిన ఈ ముక్కని వాడు మూత దగ్గర గుర్తు చేసుకోలేదు. అంతే తేడా.

కన్ను దగ్గర ఏం జరుగుతుంది

సీఓటూ బీమ్ కంట్లో పడితే కంటి పైపొర, అంటే కార్నియా కాలుతుంది. వెంటనే నొప్పి, నీళ్లు. ఘోరమే, కానీ ఏదో జరిగిందని మనిషికి ఆ క్షణంలోనే తెలుస్తుంది.

నీలం లేజర్ దారి వేరు. 400 నుంచి 1,400 నానోమీటర్ల మధ్య వెలుగుని మన కన్ను లోపలికి రానిస్తుంది. అంతేకాదు, కంటి లెన్స్ దాన్ని భూతద్దంలా ఒక చుక్కకి కుదించి రెటీనా మీద పడేస్తుంది. కార్నియా దగ్గర ఉన్న తీవ్రత రెటీనాకి చేరేసరికి లక్ష రెట్ల దాకా పెరగొచ్చు. పైగా రెటీనాకి నొప్పి తెలీదు. అక్కడ చిన్న చుక్క కాలిపోయినా "అబ్బా" అనిపించదు. మర్నాడు పుస్తకం చదువుతుంటే ఒక అక్షరం దగ్గర ఖాళీ కనిపిస్తే అప్పుడు తెలుస్తుంది. రెండు కళ్లూ కలిసి చూస్తాయి కాబట్టి ఒక కంటి లోటుని రెండోది పూడ్చేసి, చాలా రోజులు తెలియకపోవచ్చు కూడా.

"ఎక్కువ వెలుగు పడితే రెప్ప వేసేస్తాంగా" అంటారు కొందరు. రెప్ప పడటానికి పావు సెకను పడుతుంది. ఆ పావు సెకను చిన్న పాయింటర్ల విషయంలో సరిపోతుంది. ఈ మెషిన్లలో ఉండేది క్లాస్ 4 లేజర్, అంటే అర వాటు కంటే ఎక్కువ. క్లాస్ 4లో నేరుగా వచ్చే కిరణమే కాదు, మెరిసే వస్తువు మీద పడి తిరిగొచ్చేదీ, ఒక్కోసారి గరుకు ఉపరితలం మీద చెదిరినదీ ప్రమాదమే. మా వాడు ఆ వారంలో స్టీలు కీచైన్లు కూడా చెక్కాడు. అద్దంలాంటి స్టీలు! అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని వాణ్ణి వెంటబెట్టుకుని గుంటూరులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది. చుక్కల మందు వేసి, కంటి పాప పెద్దదయ్యాక రెటీనా చూశారు. ఏమీ లేదన్నారు. నాలుగు రోజులు ఆ క్లియర్ షీటు పెట్టి పని చేశాడు వాడు. చాలావరకు ఫోన్ స్క్రీన్‌లోనే చూస్తూ ఉండటం వల్ల బయటపడ్డాడేమో. ఫోన్‌కి మాత్రం ఆ అదృష్టం లేదు. కెమెరాతో ఏ ఫొటో తీసినా పై మూల రెండు చిన్న చుక్కలు వస్తున్నాయి. లేజర్ కెమెరా సెన్సర్‌ని కాల్చేస్తుంది, అది తిరిగి బాగుపడదు. దగ్గరనుంచి, ఏ ఫిల్టరూ లేకుండా రీల్స్ తీసేవాళ్లు ఈ ఒక్క ముక్కైనా గుర్తుంచుకోండి.

సీఓటూ మెషిన్‌కి మేం చేసిందేంటి

జూన్‌లో చేసిన పని సరైనదే కాబట్టి అది ఎలా చేశామో చెప్తాను. మీ దగ్గర ఉన్నది సీఓటూ మెషిన్ అయితేనే ఈ భాగం మీకు.

మొదటి పని కిటికీ కాదు, పొగ. నిజానికి సగం చీకటి పొగ వల్లే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైపు వదులుగా ఉంది, గొట్టంలో ఒకచోట చిరుగు. కిటికీ లోపలివైపు గోధుమరంగు పొర పేరుకుపోయి ఉంది. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డతో తుడిస్తేనే పాత కిటికీ కొత్తదయింది. పైపు బిగించి, కోత దగ్గర గాలి ఊదే చిన్న పంపు సరిచేశాక పొగ సగానికి తగ్గింది. గాలి ఊదితే లెన్స్ కూడా శుభ్రంగా ఉంటుంది, మంటలు లేవడం తగ్గుతుంది. మీరు కూడా ముందు ఇక్కడే మొదలుపెట్టండి. చాలామందికి ఇంతకు మించి మార్పులే అక్కర్లేదు.

ఇంకో సంగతి, మూత ఎంత బాగున్నా కొన్ని సరుకులు లోపల పెట్టకూడదు. పీవీసీ కాలితే క్లోరిన్ కలిసిన ఆమ్ల వాయువు వస్తుంది. అది మీ ఊపిరితిత్తుల్ని, మెషిన్ ఇనుముని రెండిటినీ తింటుంది. రెక్సిన్, ఫ్లెక్స్, ఫోమ్ బోర్డు పేరుతో అమ్మే తెల్లటి పీవీసీ షీట్లు... "ఇది కోసిస్తావా బాబూ" అని కస్టమర్ తెచ్చే సరుకులో ఇవే ఎక్కువ. లేదని చెప్పేయాలి.

రెండోది లైటు. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, దానికి విడిగా ఒక అడాప్టర్, మొత్తం 500 రూపాయల లోపు. మెషిన్ లోపలి పవర్ సప్లై నుంచి లైన్ లాగొద్దు. అందులోని చిన్న వోల్టుల లైను మోటార్లకే బొటాబొటీగా సరిపోతుంది. పైగా ఆ అర తెరిస్తే గాజు గొట్టానికి వెళ్లే లైను ఉంటుంది. దాంట్లో వేల వోల్టులు, ప్లగ్ పీకేశాక కూడా కాసేపు ఉండిపోవచ్చు. లైటు కోసం ఆ అర తెరవాల్సిన పనే లేదు. అడాప్టర్ బయట, వైరు ఒక్కటే లోపలికి.

స్ట్రిప్‌ని మూత లోపలి అంచు కింద, వెలుగు బల్ల మీద పడేలా, మన కళ్లలోకి కొట్టకుండా పెట్టాం. జిగురు స్టిక్కర్ని నమ్ముకోలేదు. వేడికి ఊడి సరిగ్గా లేజర్ తల దారిలో వేలాడితే అదో కొత్త తలనొప్పి. అల్యూమినియం చానెల్‌లో పెట్టి స్క్రూలు బిగించాం. కోత తల నాలుగు మూలలకీ చేత్తో తోసి చూసి, వైరు ఎక్కడా తగలదని నిర్ధారించుకున్నాకే కరెంటు ఇచ్చాం.

అదే రోజు ఇంకొకటి బయటపడింది. మెషిన్ త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ లేదు! గోడ సాకెట్‌లో పట్టలేదని ఎవరో కోసేశారు. వేల వోల్టుల గొట్టం ఉన్న రేకు డబ్బాకి ఎర్త్ లేకపోవడం ఏంటో ఆలోచించండి. కిటికీ సంగతి పక్కనపెట్టి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించాకే మిగతా పని.

మూడోది కిటికీ. మూతని మెషిన్ నుంచి ఊడదీసి, బయట వరండాలో పెట్టి రేకు కోశాం. మెషిన్ మీదే ఉంచి కోస్తే ఇనుప రజను అద్దాల మీద, పట్టాల మీద పడి చచ్చేంత పని పెడుతుంది. కోసిన రంధ్రం కంటే అన్ని వైపులా అంగుళం పెద్దగా 5 మిల్లీమీటర్ల క్లియర్ అక్రిలిక్ తీసుకుని, లోపలివైపు నుంచి బోల్టులతో బిగించాం. చుట్టూ ఫోమ్ టేపు. ఎక్కడా సందు ఉండకూడదు. షీటు ఆపగలదు, సందు ఆపలేదు. అక్రిలిక్‌కి బోల్టు రంధ్రాలు కాస్త పెద్దవిగా, నెమ్మదిగా వెయ్యాలి. బిగుతుగా ఉంటే ఎండాకాలంలో షీటు సాగి పగుళ్లు వస్తాయి. ఇంకా, దాన్ని స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడవొద్దు. లేజర్‌తో కోసిన అక్రిలిక్ అంచులకి ఆల్కహాల్ తగిలితే సన్న పగుళ్లు సాలెగూడులా పాకుతాయి.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఈ కిటికీ చెదిరిన, పక్కకి తుళ్లిన వెలుగుని ఆపడానికి. దారి తప్పిన బీమ్ నేరుగా ఒకేచోట అదేపనిగా కొడితే అక్రిలిక్ కాలి చిల్లు పడుతుంది. కోయడానికి వాడే లేజరే కదా! కాబట్టి అద్దాల అలైన్‌మెంట్ సరిగ్గా ఉండాలి, మనిషి దగ్గరే ఉండాలి. కిటికీ మీద మచ్చ కనిపించిందంటే ఆపి వెతకాలి.

నాలుగోదే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం. ఆ మెషిన్‌కి మూత తెరిస్తే లేజర్ ఆగే ఏర్పాటే లేదు. పెద్ద కిటికీ పెట్టి, మూత ఎత్తినా బీమ్ నడుస్తూనే ఉంటే ఏం లాభం? మూత అంచున రెండు మైక్రో స్విచ్‌లు పెట్టించాం. రెండూ ఒకదాని వెనక ఒకటి, సిరీస్‌లో. ఒకటి ఇరుక్కుపోయినా రెండోది పని చేస్తుంది. లేజర్‌ని వెలిగించమని అనుమతి ఇచ్చే చిన్న వోల్టుల లైనులో వీటిని కలపాలి, గొట్టానికి వెళ్లే పెద్ద లైనులో కాదు. ఇది మేం చెయ్యలేదు, ఎలక్ట్రానిక్స్ తెలిసిన మెకానిక్ చేశాడు. మాకు తెలియదని ఒప్పుకోవడానికి అరగంట పట్టింది లెండి. అయ్యాక పరీక్ష కూడా చేశాం: తక్కువ పవర్‌లో చెక్క మీద గీత గీస్తుండగా మూత కొంచెం ఎత్తితే గీత ఆగిపోవాలి. ఆగింది. నెలకోసారి ఇలా చూసుకోమని వాడికి చెప్పాను. కొందరు తొందర పనుల కోసం స్విచ్‌కి టేపు చుట్టేస్తారు. అలాంటప్పుడు స్విచ్ పెట్టడమెందుకో!

మరి డయోడ్ వాళ్ల సంగతి?

డయోడ్ మెషిన్‌కి మూత మార్చొద్దు. సూటిగా చెప్తున్నా. కంపెనీ ఇచ్చిన నారింజ షీటు అలంకారం కాదు, నీలాన్ని పీల్చుకునే ఫిల్టర్. పగిలితే అదే కంపెనీ దగ్గర అదే భాగం తెప్పించుకోండి. లేదంటే ఏ వేవ్‌లెంగ్త్‌కి ఎంత ఓడీ అని రాసిచ్చే అమ్మకందారు దగ్గర కొనండి.

ఓడీ అంటే ఆప్టికల్ డెన్సిటీ. లెక్క సులువు: ఓడీ 1 అంటే పదో వంతు మాత్రమే దాటుతుంది, ఓడీ 2 అంటే వందో వంతు, ఓడీ 4 అంటే పదివేలో వంతు. 10 వాట్ల వెలుగు ఓడీ 4 షీటు మీద పడితే అవతలికి వచ్చేది ఒక మిల్లీవాటు. అదే ఓడీ 2 అయితే 100 మిల్లీవాట్లు, కన్ను పోవడానికి అది చాలు. ఈ రెండు షీట్లూ కంటికి ఒకే నారింజ రంగులో కనిపించొచ్చు! బోర్డులు చేసే షాపులో దొరికే నారింజ అక్రిలిక్ ముక్క ఎంత ఆపుతుందో రంగు చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. కళ్లజోళ్లకీ అంతే. జోడు మీద 450 దరిదాపుల అంకె, దాని పక్కన ఓడీ అంకె అచ్చువేసి లేకపోతే అది ఎండ జోడు కిందే లెక్క. సీఓటూ పనికి కొన్న తెల్ల జోడు డయోడ్ దగ్గర పెట్టుకుంటే, పెట్టుకోనట్టే.

ఈ మధ్య కొన్ని చిన్న మెషిన్లలో నీలంతో పాటు 1,064 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్ కూడా ఇస్తున్నారు, స్టీలు మీద చెక్కడానికి. మూడిట్లోనూ నాకు ఎక్కువ భయం వేసేది ఇదే. కంటికి కనపడదు, కాబట్టి రెప్ప కూడా పడదు. అయినా రెటీనా దాకా నేరుగా పోతుంది. క్లియర్ అక్రిలిక్‌ని దాటేస్తుంది, నీలానికి చేసిన నారింజ షీటు దీన్ని ఆపుతుందన్న గ్యారంటీ లేదు. మీ మెషిన్‌లో రెండు లేజర్లుంటే మూత మీద, జోడు మీద రెండు అంకెలూ ఉన్నాయో లేదో చూడండి.

అయితే డయోడ్‌లో మెరుగ్గా కనపడే దారే లేదా? ఉంది. మూతని ముట్టుకోకుండా లైటు మార్చండి. నారింజ ఫిల్టర్ నీలాన్ని మింగేసి పసుపు, ఎరుపుని వదులుతుంది. తెల్లటి కూల్ వైట్ ఎల్‌ఈడీలో నీలం పాలు ఎక్కువ, కాబట్టి అది వృథా. అదే పసుపు ఛాయ ఉన్న వామ్ వైట్ స్ట్రిప్ పెడితే అదే మూతలోంచి లోపల ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. సీఓటూకి కూల్ వైట్ బాగుంటుంది, డయోడ్‌కి వామ్ వైట్. మా వాడికి ఇది తెలిసుంటే ఆ మూత విప్పేవాడే కాదు.

కెమెరా పెట్టాలనుకుంటే ఫిల్టర్ బయట పెట్టండి, లోపల కాదు. పని జరుగుతుండగా గోడ మీద, మీ చొక్కా మీద నీలం వెలుగు కనిపించిందా, ఎక్కడో సందు ఉంది, ఆపేయండి. కనపడలేదు కాబట్టి అంతా క్షేమం అని మాత్రం అనుకోవద్దు. గదిలోకి ఎవరు వస్తారో కూడా చూసుకోవాలి. మూత దగ్గరికి చేరి తొంగి చూసేది ముందు చిన్నపిల్లలే. ఆ నాలుగు రోజుల్లో పక్కింటి పిల్లలు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారట. వాళ్లమ్మకి విషయం చెప్పి, పిల్లల కళ్లు చూపించమని పిన్నే వెళ్లి చెప్పింది. మొహం చెల్లక వాడు వెళ్లలేదు. వాళ్లకీ ఏమీ కాలేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఒక సలహా. రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ లాంటి చోట్లకి ఒకసారి వెళ్లి, పెద్ద మెషిన్ల మూతలు, తాళాలు, ఎగ్జాస్ట్ ఎలా ఉంటాయో చూడండి. ఇంట్లో మెషిన్‌కి ఏం తక్కువో ఆ తర్వాత మీకే కనపడుతుంది.

మూత ఎక్కడ?

ఇంతకీ ఆ అసలు నారింజ మూత దొరకడానికి ఒక పూట పట్టింది. వాడు విప్పి పక్కన పెడితే, పనికిరానిదనుకుని పిన్ని దాన్ని పెరట్లో వడియాల పళ్లెం మీద కాకులు వాలకుండా కప్పింది. ఎండ తగిలింది, గీతలు పడ్డాయి. మళ్లీ పెట్టేస్తానన్నాడు వాడు. వద్దన్నాను. కంపెనీ నుంచి కొత్తది వచ్చేదాకా తొమ్మిది రోజులు డయోడ్ మెషిన్ ప్లగ్ పీకేసి ఉంది. చవితి ఆర్డర్లన్నీ పాత సీఓటూ మీదే, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని కోశాడు. రెండు ఆర్డర్లు వదులుకున్నాడు.

ఇప్పుడు రెండు మెషిన్ల మీదా అక్రిలిక్ ముక్కలు అంటించాడు. ఒకదాని మీద "10,600 - క్లియర్ ఓకే" అని, రెండోదాని మీద "450 - ఆరెంజ్ తియ్యకు" అని. రెండూ వాడే చెక్కాడు.

రీల్ కూడా పెట్టాడు లెండి. కొత్త మూత బయటనుంచి, వామ్ వైట్ వెలుగులో తీసింది. గణపతి, చెక్క, పొగ, అన్నీ నారింజ రంగులోనే. కింద కామెంట్లలో ఒకటే ప్రశ్నట: "ఏ ఫిల్టర్ వాడావ్ బ్రో?"